గొడ్ల దొరువు

మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి పొలం కాగితాల పని మీద చాలా ఏళ్ళ తరువాత మా ఊరికి వెళ్ళాను. అల్లూరు దాటి తూర్పుగా ఇసకపల్లి దారి పట్టి, కాలువ వంతెన ఎక్కి దిగితే మా పాళెం వస్తుంది. వంతెన దిగగానే కుడివైపున, నా చిన్నతనంలో సరుగుడు తోపు ఉండిన చోట, జేసీబీ ఇసుక తవ్వుతోంది. రొయ్యల గుంటకు గట్లు పోస్తున్నారని అక్కడున్న కుర్రవాడు చెప్పాడు. యంత్రం నిలువు లోతు నుంచి తడి ఇసుకను ఎత్తి కుమ్మరించిన క్షణాన గాలి మా వైపు మళ్ళింది. చల్లని ఇసుక, నానిన తుంగవేళ్ళు, పాత ఇనుప బొక్కెన, ఇవన్నీ కలిసినట్టుండే ఆ వాసన తగలగానే నేను బండి ఆపి దిగి రోడ్డు పక్కన నిలబడిపోయాను. అది దొరువు వాసన. నలభై ఏళ్ళుగా నా ముక్కుకు తగలని వాసన.

సముద్రపు ఒడ్డు ఎరగనివారికి దొరువంటే ఏమిటో చెప్పాలి. అలలకు కూతవేటు దూరంలో, ఇసుక తిప్పల నడుమ పల్లంలో, మొలలోతున తవ్విన వెడల్పాటి గుంటను దొరువంటారు. మా నెల్లూరు సీమకు ప్రధానమైన వాన ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ రెండు మూడు నెలలు కురిసిన నీరంతా ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి కన్నా తేలిక కనుక దానిమీద పొరలా తేలి నిలుస్తుంది. ఆ పొరను మాత్రమే తాకేటట్టు తవ్వితే తీపి నీరు ఊరుతుంది. ఆశపడి మరొక మూర లోతు తవ్వితే కిందనున్న ఉప్పు పైకి లేస్తుంది. ఈ సంగతిని నేను ఉద్యోగంలో చేరాక పుస్తకంలో చదివాను. దానికి ఎన్నో ఏళ్ళ ముందే మా ఊరి యానాది తెగకు చెందిన తాత నోట విన్నాను. "నీళ్ళను అడిగి తీసుకోవాలబ్బయ్యా. గుంజుకుంటే ఉప్పు పెడతాది" అనేవాడాయన.

* * *

మా ఊరి వాళ్ళు తాగే నీళ్ళకు మూడు చోట్ల దొరువులుండేవి. ఊరికి దగ్గరలో జంట దొరువులు, తిప్ప దాటాక తీపి దొరువు, మొగలి పొదల అవతల గొడ్ల దొరువు. చీకటి విడవకముందే మా అవ్వ ఇత్తడి బిందె చంకనెత్తుకుని తీపి దొరువుకు బయలుదేరేది. నేను చిన్న చెంబు పట్టుకుని వెనకే నడిచేవాణ్ణి. అవ్వ బిందెను నీళ్ళలో ముంచేది కాదు. ముందు ఒడ్డున గొంతుక్కూర్చుని, అరచేత్తో నీటిపై తేలిన సరుగుడు రాలును పక్కకు నెట్టి, తాటాకు దోనెతో పైపైన నీళ్ళు తీసి బిందెలో పోసేది. అడుగు కదిలితే నీళ్ళు మబ్బు పడతాయని, ఆ మబ్బు విడవడానికి పూట పడుతుందని, వెనక వచ్చేవాళ్ళు ఏం తాగుతారని నాకు చెప్పేది. ఆ దొరువు చుట్టూ ఉదయం పూట ఎంత మంది ఆడవాళ్ళు చేరినా గొంతులు తగ్గించే మాట్లాడేవారు. బిందెల అంచులు తగిలిన చప్పుడు, తిప్ప అవతల నుంచి సముద్రపు హోరు, అప్పుడప్పుడు తీతువు పిట్ట అరుపు తప్ప వేరే శబ్దం ఉండేది కాదు.

ఆ హోరును బట్టే అవ్వ ఆ రోజు వాతావరణం చెప్పేది. హోరు ఏ దిక్కు నుంచి వినబడుతోందో ఒక నిమిషం నిలబడి విని, వరి ఆరబెట్టాలో, లోపల పెట్టాలో తేల్చేది. ఆమె చెప్పింది తప్పిన రోజులు నాకు గుర్తులేవు. ఉండే ఉంటాయి, పిల్లవాడిగా నేను వాటిని లెక్కపెట్టి ఉండను.

ఏటా వానలు వెనకబట్టాక దొరువులు పూడిపోయి ఉండేవి. గాలికి జారిన ఇసుకను తోడి, అంచులు ఏటవాలుగా చెక్కి, మళ్ళీ ఊట పడేటట్టు చేసే పని యానాది తాతది. ఆయన పారతో మొదలుపెట్టి, తడి తగిలాక పారను పక్కన పెట్టేసేవాడు. ఆ తరువాత అంతా చేతులతోనే. మోకాళ్ళ మీద కూర్చుని ఇసుకను పిడికెడు పిడికెడు తీస్తూ, ప్రతి నాలుగు పిడికెళ్ళకు ఒకసారి వేలు నాలుకకు తాకించి చూసుకునేవాడు. ఎక్కడో ఒకచోట ఆగిపోయేవాడు. "ఇంక చాలు" అనేవాడు. మా నాయన ఒక ఏడాది మరికాస్త లోతు తీయమని గట్టిగా చెప్పినా ఆయన వినలేదు. అందుకు కళ్ళంలో ఆయనకు కొలిచే మొలగొలుకుల వడ్లలో ఒక కుంచం తగ్గించారు. ఈ సంగతి రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. ఆ ఏడాది ఎండాకాలంలో మా దొరువు చివరిదాకా తీపిగానే ఉంది.

ఇంకొక మాట కూడా రాయాలి. దొరువులన్నీ తవ్వినది ఆ కుటుంబమే అయినా, తీపి దొరువులో దోనె ముంచే హక్కు వాళ్ళకు లేదు. వాళ్ళు తాగేది గొడ్ల దొరువులో. మా ఇళ్ళలో పదేళ్ళ పిల్లలు కూడా ఆయన్ను "ఒరే" అని పిలిచేవారు. అవ్వ మాత్రం నన్ను అలా పిలవనిచ్చేది కాదు, "తాతా" అనిపించేది. కానీ అవ్వ కూడా ఆయనకు పెరట్లోనే, విడిగా పెట్టిన సత్తు గిన్నెలోనే అన్నం పెట్టేది.

* * *

ఆయన వెంట తిరిగిన రోజులే నా బాల్యంలో ఎక్కువ భాగం. బడి లేని పూట ఆయన చేపలు పట్టే ఊత భుజాన వేసుకుని బయలుదేరితే నేను తోక పట్టుకున్నట్టు వెళ్ళేవాణ్ణి. మోకాలు లోతు ఉప్పు వంకలో దిగి, వంగి, రెండు చేతులూ బురదలో పరిచి తడుముతూ వెళ్ళి రొయ్యను పట్టి పైకి తీసేవాడు. కంటితో చూసి పట్టడం నేను ఎన్నడూ చూడలేదు. ఎండ్రకాయ బొరియ ముందు కూర్చుంటే లోపల ఉన్నది ఆడదో మగదో బయట పడిన మట్టి చూసి చెప్పేవాడు. గుడ్లతో ఉన్న ఎండ్రకాయ దొరికితే దానిని వెనక్కి వదిలేవాడు. వరి కోతలయ్యాక పొగకుండ పట్టుకుని గట్ల వెంట పందికొక్కుల బొరియలు తవ్వి, అవి లోపల దాచుకున్న వడ్లు తీసి ఒడిలో పోసుకునేవాడు. ఒక బొరియలో నాలుగైదు శేర్ల గింజలు దొరికిన రోజున వాళ్ళ గుడిసెలో పండగ.

నడుస్తున్నంతసేపూ పేర్లు చెప్పేవాడు. మా ఊరివాళ్ళకు అదంతా ఉట్టి ఇసుక. ఆయనకు అందులో ప్రతి పది బారలకు ఒక పేరు. తూర్పు గాలికి నిలబడి ఊరిని కాచే పెద్ద దిబ్బ కాపు తిప్ప. పోటు నీరు వెనక్కి తీసేటప్పుడు చేపలు ఇరుక్కునే మడుగు ఏడుపు కయ్య, అక్కడ ఒకప్పుడు తల్లి చేతిలోని బిడ్డ కొట్టుకుపోయాడట. వంక సముద్రంలో కలిసే మొగ ఏ ఏడాది ఎటు జరిగిందో, పాత మొగ ఎక్కడుండేదో, అది పూడిపోయినా వాన ఎక్కువైన ఏడాది నీళ్ళు ఆ దారినే ఎందుకు వెతుక్కుంటాయో కాలితో ఇసుకలో గీత గీసి చూపేవాడు. ఇసుకను పట్టి ఉంచే బాలబంద తీగను తొక్కనిచ్చేవాడు కాదు. గాలికి బంతుల్లా దొర్లిపోయే రావణాసురుడి మీసాల వెంట నేను పరుగెత్తితే మాత్రం నవ్వుతూ చూసేవాడు. ఇంటికి వచ్చేటప్పుడు ఒడినిండా ఇలకూర కోసి ఇచ్చేవాడు. ఆ ఆకులోనే ఉప్పుంటుంది కనుక పప్పులో వేస్తే వేరే ఉప్పు వేయనక్కర లేదు.

తన సంగతులు ఆయన చాలా తక్కువగా చెప్పేవాడు. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయ్యేంత వరకు ఈ దేశంలో ఎన్ని కులాలవారు ఏ తప్పూ చేయకుండానే పుట్టుకతో నేరస్థులన్న ముద్ర మోశారో నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. వాళ్ళ నాయన రాత్రిపూట పోలీసు ఠాణాలో కనబడి రావాల్సి వచ్చేదని, వర్షంలో కూడా తప్పేది కాదని, ఆ నడక దారిని మాత్రం తాను ఎప్పుడూ తొక్కనని ఒకసారి అన్నాడు. యానాదుల కోసం జీవితమంతా పాటుపడిన నెల్లూరు న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్య గారి పేరు నేను మొదట విన్నది బడిలో కాదు, ఈ తాత నోటే. "మనల్ని కూచోబెట్టి మాట్లాడిన అయ్య" అనేవాడు. 1973లో ఆ పెద్దమనిషికి పద్మభూషణ్ ఇచ్చారని ఎవరో చెబితే, అదేమిటని అడిగి, విని, తలకు చుట్టుకున్న గుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

ఆయన చెల్లెలిది శ్రీహరికోట. రాకెట్ల కేంద్రానికి ఆ దీవిని తీసుకున్నప్పుడు అక్కడి యానాదులు చాలామంది ఇళ్ళు మార్చుకోవలసి వచ్చింది. ఆమె కొన్నాళ్ళు మా ఊరికి వచ్చి ఉంది. వచ్చేటప్పుడు మూటలో చిల్లగింజలు తెచ్చింది. కుండ లోపలి గోడకు ఆ గింజను అరగదీస్తే ఎంత మబ్బు నీరైనా తేరుకుంటుంది. సాయంత్రం పూట గుడిసె ముందు కూర్చుని ఆమె అక్కడి అడవిలోని చోట్ల పేర్లు వరసగా చెప్పుకుంటూ పోయేది. కథ కాదు, పాట కాదు, ఉత్త పేర్లు. అన్న పక్కన కూర్చుని వింటూ ఉండేవాడు. ఎందుకలా చెబుతున్నదని అడిగితే, "మరిచిపోతానేమోనని" అన్నది. 1980లో అక్కడి నుంచి పైకి లేచిన రాకెట్టు ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన వార్త రేడియోలో విని ఊరంతా సంతోషించాము. నేనూ గర్వపడ్డాను, ఇప్పటికీ గర్వమే. ఆ సంతోషంలో ఆమె చెప్పిన పేర్లలో ఒక్కటి కూడా నేను రాసుకోలేదు.

* * *

కాలువ గురించి చెప్పకపోతే మా ఊరి సంగతి సగమే అవుతుంది. 1806లో మద్రాసు దగ్గర మొదలై, కొంచెం కొంచెంగా పొడుగెరిగి, ధాత, ఈశ్వర సంవత్సరాల మహాకరువులో కూలికి వచ్చిన జనం చేత మరికొంత తవ్వించి, 1878లో అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టుకున్న కాలువ అది. మా అవ్వకు గవర్నరు పేరు తెలియదు. "ధాత కరువులో మన పెద్దలు గంజి కోసం మట్టి మోసిన కాలువ" అని మాత్రం తెలుసు.

నాకు ఊహ వచ్చేటప్పటికి పడవల రోజులు దాదాపు అయిపోయాయి. అయినా ఉప్పు, సరుగుడు కట్టెలు వేసుకుని వెళ్ళే పడవలు కొన్ని చూశాను. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ నడుముకు తాడు కట్టుకుని లాగేవారు. రాత్రిపూట పడవ వస్తున్నదని దూరం నుంచే ఎవరో ఒకరు గొంతెత్తి కేక వేసేవారు. మా ఇంటి అరుగు మీద పడుకుని ఆ కేక దగ్గరకు వచ్చి, మళ్ళీ ఉత్తరంగా సన్నబడేదాకా వినేవాణ్ణి. తుఫానులకు గట్లు తెగి, లాకులు పాడై, రోడ్లూ లారీలూ పెరిగాక ఆ కేకలు ఆగిపోయాయి. ఆగిన రోజు ఏదో ఎవరూ గమనించలేదు.

ఇసకపల్లి వైపు ఉప్పు కొఠార్లలో పని ఎండలతో మొదలయ్యేది. ఏతం కిర్రుమన్న చప్పుడు, మడుల్లో తెల్లగా మీగడ కట్టినట్టు ఉప్పు పేరడం, దానిని పారలతో గుంజేవాళ్ళ కాళ్ళకు పడే పగుళ్ళు గుర్తున్నాయి. ఆ పగుళ్ళకు రాత్రి దీపం దగ్గర ఆముదం రాసుకునేవారు.

* * *

నేను చదువుకుని భూకొలతల శాఖలో చేరాను. ఉదయగిరి మెట్ట నుంచి తీరం దాకా జిల్లా అంతా గొలుసు పట్టుకుని తిరిగాను. మా ఊరి పటం మొదటిసారి చేతికి వచ్చినప్పుడు నాకు కలిగిన ఆశ చెప్పలేను. బల్ల మీద పరిచి తీపి దొరువు కోసం వెతికాను. లేదు. కాపు తిప్ప లేదు, ఏడుపు కయ్య లేదు, పాత మొగ లేదు. అన్నింటి మీదా సర్వే నంబరు వేసి, పక్కన 'ఇసుక తిప్ప పోరంబోకు', 'వంక పోరంబోకు' అని రాసి ఉంది. పటం తప్పు కాదు, కొలతలు అంగుళం తేడా లేకుండా ఉన్నాయి. కానీ పోరంబోకు అన్న మాట పడ్డ నేల ఎవరిదీ కానిదిగా కనబడుతుంది. ఎవరిదీ కానిది అడిగినవాడికి తేలిగ్గా దొరుకుతుంది.

తరువాత రొయ్యల కాలం వచ్చింది. పేదవాడు కూడా ఒక పంటతో మిద్దె వేసుకోగలిగిన కాలమది, దానిని తేలిక చేసి మాట్లాడను. మా బంధువులు చాలామంది అప్పుడే తేరుకున్నారు, తెల్లమచ్చ తెగులు వచ్చాక అప్పుడే మునిగారు. ఒక గుంటకు హద్దులు చూపమని నన్ను పంపినప్పుడు నేను పాతించిన రాళ్ళ నడుమనే జంట దొరువులున్నాయి. నాకు తెలుసు. రికార్డులో లేవు కనుక నేను ఏమీ రాయలేదు. గుంటల్లో పెట్టిన ఉప్పునీరు ఇసుకలోకి దిగి, రెండేళ్ళకు తీపి దొరువు చప్పబడి, మూడో ఏటికి నోట పెట్టుకోలేకుండా పోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చింది. తాగే నీళ్ళు, పంట నేలలు ఉప్పెక్కుతున్న సంగతి అందులో ఉందని పత్రికలో చదివి, ఆ కాగితం తీసుకుని తాత దగ్గరకు వెళ్ళాను. అప్పటికి ఆయనకు చూపు తగ్గింది. చదివి వినిపిస్తే, "దొరువు పేరు రాసినారా అందులో?" అని అడిగాడు.

ఆ తరువాతి ఎండాకాలంలోనే ఆయన పోయాడు. నేను సెలవు దొరక్క మూడో రోజుకు వెళ్ళాను.

* * *

2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం సముద్రం లోపలికి వచ్చినప్పుడు నేను నెల్లూరులో ఉన్నాను. మరునాటికి ఊరికి చేరాను. నీళ్ళు మొగల వెంట, తిప్పను కోసి దారి చేసిన చోట వెంట దూసుకొచ్చి కాలువలో పడి, అక్కడి నుంచి రెండు వైపులా పరుగెత్తి మళ్ళీ వెనక్కి తీశాయి. చేపలు పట్టే పట్టపు కాపులుండే పట్టపుపాళెంలో వలలు, తెప్పలు, ఎండబెట్టిన నెత్తళ్ళు అన్నీ పోయాయి. కాపు తిప్పను తవ్వకుండా మిగిల్చిన భాగం వెనక ఉన్న ఇళ్ళలో మాత్రం పొయ్యిలు తడవలేదు. పూడిపోయిన పాత మొగ దారిని, ఆయన కాలితో గీసి చూపిన గీత మీదుగానే, నీళ్ళు ఊరి దక్షిణపు వీధిలోకి వచ్చాయి.

ఆ రాత్రే ఒక నోటు పుస్తకం తీసి, ఆయన చెప్పిన పేర్లు గుర్తున్నంతవరకు రాయడం మొదలుపెట్టాను. పటం నకలు తీసుకుని ఒక్కొక్క నంబరు పక్కన పెన్సిలుతో పేరు వేశాను. ఊళ్ళో పెద్దవాళ్ళను, పట్టపుపాళెం కాపులను అడిగి కలిపాను. సముద్రం వైపు పేర్లు వాళ్ళకు వేరు. తీరం నుంచి తెప్ప మీద వెళ్ళేవాడు వెనక్కి తిరిగి చూసి పెట్టుకున్న పేర్లవి. మాకు కాపు తిప్ప, వాళ్ళకు దీపపు తిప్ప. రెండూ రాశాను. ఇప్పటికి నూట పన్నెండు పేర్లయ్యాయి.

* * *

మొన్న ఆ పుస్తకం నా సంచిలోనే ఉంది. జేసీబీ దగ్గర నుంచి నేరుగా యానాది కాలనీకి నడిచాను. తాత మనవరాలు ఇప్పుడు పొదుపు సంఘంలో లెక్కలు రాస్తుంది. నన్ను చూసి కుర్చీ వేసింది. "ఇన్నాళ్ళకు కనపడినారే సార్" అన్నది. లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ప్లాంటులో కొన్న క్యాను నీళ్ళు.

పుస్తకం ఆమె చేతికిచ్చాను. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. కొన్నింటి దగ్గర తల ఊపింది. ఏడుపు కయ్య దగ్గర ఆగి, "ఆ బిడ్డ మా తాతకు అన్న" అన్నది. నాకు ఆ సంగతి తెలియదు. అన్ని ఏళ్ళు ఆ కయ్య పక్కన ఆయనతో నడిచాను.

మూడో పేజీలో ఆమె వేలు నిలిచిపోయింది.

"గొడ్ల దొరువని ఎవరు చెప్పినారు సార్?"

"అందరూ అట్లాగే అనేవాళ్ళు కదమ్మా."

"మీరంటారు. మేం అనం" అన్నది. కోపం లేదు ఆ గొంతులో, లెక్క దిద్దుతున్నట్టుగా ఉంది. "అది మా పెద్దవ్వ తవ్వుకున్న దొరువు. అక్కడ ఊట కనిపెట్టింది ఆమె. మాకు అది అవ్వ దొరువు. పెళ్ళయి వచ్చిన కోడలు మొదట అక్కడికే పోయి నీళ్ళు ముంచుకోవాల. మా అమ్మను కూడా అట్లాగే తీసుకపోయినారంట."

తాత నాతో ఎప్పుడూ ఆ మాట అనలేదు. నేను "గొడ్ల దొరువు" అన్నప్పుడల్లా "ఊఁ" అనేవాడు.

ఆమె లోపలి నుంచి పెన్ను తెచ్చింది. గొడ్ల దొరువును కొట్టివేయబోతే ఆమే వద్దన్నది. "అదీ ఉండనీయండి, మీరు ఏమన్నారో కూడా తెలియాల కదా" అన్నది. దాని కింద 'అవ్వ దొరువు' అని ఆమె దస్తూరితోనే రాసింది. తరువాత మిగిలిన పేజీలు తిప్పి చూసి, ఇంకా చాలా దిద్దాలని, శ్రీహరికోట నుంచి వచ్చిన తాత చెల్లెలి కూతురు తడ దగ్గర ఉందని, ఆమెకు వాళ్ళమ్మ చెప్పిన పేర్లు కొన్ని వరసగా వస్తాయని చెప్పింది. పుస్తకం తన దగ్గరే ఉంచుకుంటానన్నది. ఉగాదికి నన్ను మళ్ళీ రమ్మన్నది.